గడప దాటే పని లేకుండా పోయాక

2020 ఏప్రిల్ చివరి వారంలో విజయవాడ కృష్ణలంక పేరు దేశమంతటా వినిపించింది. లాక్‌డౌన్‌లో ఇంటిపట్టున ఉండిపోయిన ఒక లారీ డ్రైవరు పొద్దుపోక స్నేహితులను, ఇరుగుపొరుగును కూర్చోబెట్టుకుని పేకాట ఆడాడు. ఆ చుట్టుపక్కలే ఆడవాళ్లు గుంపుగా చేరి తంబోలా ఆడుకున్నారు. అలా 24 మందికి కరోనా వైరస్ సోకిందని అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ ఇంతియాజ్ ఒక వీడియో సందేశంలో ప్రకటించారు. కార్మికనగర్‌లో ఇంకో లారీ డ్రైవరు కథ కూడా ఇలాంటిదే. అక్కడ 15 మంది. ప్రాణాల మీదికి వచ్చినప్పుడు పేకాట ఏమిటని ఊరంతా తిట్టిపోసింది.

అంటురోగం లెక్కలో ఆ తిట్లు న్యాయమైనవే. అయితే ఆ వార్తలో ‘పొద్దుపోక’ అన్న మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కృష్ణలంకలో ఇళ్లు ఇరుకు, కృష్ణ ఒడ్డున ఉన్నా ఎండాకాలం ఉక్క భరించలేనిది. సాయంత్రమైతే జనం బతుకు అరుగుల మీదికి, వీధిలోకి వచ్చేస్తుంది. నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే ఉండే మనిషిని రెండు గదుల ఇంట్లో కూర్చోమంటే అతను చేసింది మనుషుల్ని పోగేసుకోవడం. ఒకే పేకముక్క రోగాన్నీ పంచింది, మనసుకు కాస్త ఊపిరినీ ఇచ్చింది. మహమ్మారి కాలపు చిక్కంతా ఈ రెండో సంగతిలో ఉంది. మనసును నిలబెట్టే చిన్న చిన్న అలవాట్లే ఆ రోజుల్లో నిషిద్ధ వస్తువులయ్యాయి. నిషేధం పోయింది కానీ, వాటిలో చాలా అలవాట్లు పాత రూపంలో తిరిగి రాలేదు.

తెలుగువాళ్లు డిప్రెషన్ అన్న మాటను తమ గురించి అరుదుగా వాడతారు. నీరసంగా ఉంది, నిద్ర పట్టడం లేదు, గుండె దడగా ఉంది, అన్నం సయించడం లేదు అంటారు. డాక్టరు దగ్గరికి వెళ్లినా గ్యాస్ అనో నరాల బలహీనత అనో చెప్పుకుంటారు. వీటన్నిటికంటే సూటైన మాట ఇంకొకటి ఉంది: ‘ఏమీ తోచడం లేదు’. పని లేక విసుగు పుట్టడం ఒక్కటే దాని అర్థం కాదు. తర్వాత ఏం చేయాలన్నది మనసుకు తట్టకపోవడం, తట్టినా లేవాలనిపించకపోవడం. డిప్రెషన్ లక్షణాలను పుస్తకాలు పేజీలకు పేజీలు వర్ణిస్తాయి. ఈ మూడు ముక్కల మాట వాటికి చాలా దగ్గరగా వస్తుంది.

మహమ్మారికి ముందు ఆ తోచనితనం ముదరకుండా ఆపిన వాటిలో మందులూ ధ్యానమూ కంటే తప్పని పనులదే పెద్ద వాటా. పొద్దున్నే పాలు తేవాలి. కరెంటు బిల్లు కట్టడానికి వరసలో నిలబడాలి. పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకోవాలి. రైతుబజారులో బెండకాయలు ముదురా లేతా అని తుంచి చూసుకోవాలి. మనసు బాగుండాలని వీటిని ఎవరూ చేయలేదు, చేయక తప్పదు కాబట్టి చేశారు. ఆ పనుల వెంట పొద్దుటి ఎండ, నాలుగడుగుల నడక, నలుగురితో మాట ఖర్చు లేకుండా వచ్చేవి. 2020 తర్వాత ఫోను ఆ పనులను ఇంట్లోకి తెచ్చిపెట్టింది. పని జరిగిపోతోంది, దాని వెంట వచ్చేవి మాత్రం రావడం లేదు. వాటిని ఇప్పుడు విడిగా, పూనుకుని సంపాదించుకోవాలి. దిగులు కమ్మిన మనిషిలో మొదట చచ్చిపోయేది ఆ పూనికే.

ప్రపంచవ్యాప్త లెక్కలు కూడా ఇటువైపే వేలు చూపిస్తాయి. మహమ్మారి మొదటి ఏడాదిలో ఆందోళన, డిప్రెషన్ 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. దానికి ముందు 2021 అక్టోబరులో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2020లో అదనంగా సుమారు 5.3 కోట్ల డిప్రెషన్ కేసులు, 7.6 కోట్ల ఆందోళన రుగ్మత కేసులు వచ్చాయి. ఆడవాళ్లు, యువత ఎక్కువ దెబ్బతిన్నారు. ఆ అధ్యయనంలో ఆసక్తికరమైన విషయం ఒకటుంది. ఈ పెరుగుదలతో ముడిపడి కనిపించినవి రెండు: ఒకటి వ్యాధి వ్యాప్తి, రెండోది జనం కదలికలు తగ్గిపోవడం. కేవలం కదలిక, అంటే ఇల్లు దాటి ఎంత తిరుగుతున్నామన్నది, కోట్ల మంది మనసుల లెక్కలో తేలేంత పెద్ద అంశమైంది.

కదలికకు ముందు గడియారం సంగతి చూడాలి. మెదడు అడుగుభాగంలో ఉండే ఒక చిన్న కణాల గుంపు ఒంటికంతటికీ వేళలు నడుపుతుంది. దాన్ని వదిలేస్తే రోజుకు 24 గంటల కంటే కాస్త ఎక్కువ తీసుకుంటుంది. రోజూ దాన్ని సరిచేసేది ప్రధానంగా పొద్దుటి వెలుతురు. దీనికి తోడు మనుషులు పెట్టే గడియారాలు ఉంటాయని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1988లో ప్రతిపాదించారు: భోజన వేళలు, పనికి బయలుదేరే వేళ, ఇంటికి ఎవరో వచ్చే వేళ. ఇవి చెదిరితే నిద్ర చెదురుతుంది, నిద్ర చెదిరితే కుంగుబాటుకు లోనయ్యే స్వభావం ఉన్నవాళ్లలో అది బయటపడుతుంది అన్నది వాళ్ల వాదన. సిద్ధాంతం వినడానికి కొత్తగా ఉన్నా బెజవాడలో దాని నిదర్శనాలు ప్రతి సందులోనూ ఉండేవి. కుళాయి నీళ్లు వచ్చే వేళ, స్కూలు ఆటో హారను, ఆటోనగర్ షెడ్లలో పని మొదలైన చప్పుడు, సాయంత్రం పిల్లలు ట్యూషన్ నుంచి తిరిగొచ్చే అలికిడి. గోడ గడియారం చూడకుండానే జనానికి టైము తెలిసేది.

ఇవన్నీ ఒక్కసారిగా ఆగాయి. రెండో దెబ్బ తగిలిన 2021లో అయితే రోజు అక్షరాలా కుంచించుకుపోయింది. మే 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా కర్ఫ్యూ. ఊరికి మిగిలింది ఆరు గంటలు. ఆ ఆరు గంటల్లో బెసెంట్ రోడ్డు, కాళేశ్వరరావు మార్కెట్ కిటకిటలాడేవి. పన్నెండు కొట్టాక నడి ఎండాకాలం మధ్యాహ్నం, దాని వెనకే పొడుగాటి సాయంత్రం, ఆపైన రాత్రి. పగటి నిద్ర మొదలైంది ఇలాగే. పగలు నిద్రపోయిన మనిషి రాత్రి రెండింటికి ఫోను చూస్తాడు. ఆ రోజుల్లో ఫోనులో ఉన్నది ఆక్సిజన్ పడకల కోసం అడిగే సందేశాలు, చావు కబుర్లు. ఆస్ట్రియా, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో 2020 వసంతంలో జరిగిన ఒక అధ్యయనం ప్రకారం లాక్‌డౌన్‌లో జనం నిద్రపోయిన సమయం కాస్త పెరిగింది, నిద్ర నాణ్యత మాత్రం తగ్గింది. ఎంతసేపు పడుకున్నా బడలిక తీరలేదన్న ఫిర్యాదు ఇక్కడి ఇళ్లలోనూ వినిపించినదే.

దేశవ్యాప్త లాక్‌డౌన్ 2020 మార్చి 25 నుంచి మే 31 వరకు నడిచింది. మొత్తం 68 రోజులు. ఒక కొత్త అలవాటు ఆలోచించకుండా చేసే పనిగా మారడానికి ఎన్నాళ్లు పడుతుందని లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు అంతకు పదేళ్ల ముందే లెక్కకట్టారు. సగటున 66 రోజులు అని తేలింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. ఈ రెండు అంకెలు దగ్గరగా రావడం కాకతాళీయమే. అయినా ఆ పోలిక వదిలేయబుద్ధి కాదు: తాత్కాలికం అనుకున్నది సరిగ్గా అలవాటుగా గట్టిపడేంత కాలం నడిచింది.

ఇక మనుషుల సంగతి. దగ్గరివాళ్లు దూరమైతే బాధ పడతామని అందరికీ తెలుసు. ముఖపరిచయస్తులు పోతే ఏమవుతుందో మహమ్మారి వచ్చేదాకా పెద్దగా తెలియలేదు. అమెరికన్ సామాజికవేత్త మార్క్ గ్రానోవెట్టర్ 1973లోనే ఈ బలహీనమైన బంధాల బలం గురించి రాశాడు. ఆయన ఉద్యోగాల కోణంలో చూశాడు. మనసు కోణంలో చూసింది మనస్తత్వవేత్తలు గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్. టీ కొట్టువాడితోనో, క్లాసులో పేరు తెలియని తోటివాడితోనో ఎక్కువసార్లు మాట్లాడిన రోజున మనుషులు ఎక్కువ సంతోషంగా ఉన్నారని, నలుగురిలో ఒకరమన్న భావన పెరిగిందని వాళ్లు 2014లో చూపించారు.

గుంటూరు, తెనాలి, విజయవాడ మధ్య పాసింజరు రైళ్లలో సీజన్ టికెట్‌తో తిరిగేవాళ్లకు ఈ పరిశోధనతో పనిలేదు. రెండు ఊళ్ల మధ్య ముప్పై కిలోమీటర్ల చిల్లర దూరం. అదే పెట్టె, అదే సీటు, ఆలస్యమైతే తువ్వాలు వేసి సీటు ఆపే స్నేహితుడు. ఆ స్నేహితుడి ఇల్లు ఎక్కడో తెలియదు, ఇంటిపేరు కూడా తెలియకపోవచ్చు. ఆయన కూతురి పెళ్లి సంబంధం ఎక్కడిదాకా వచ్చిందో మాత్రం పూర్తిగా తెలుసు. ఇలాంటి స్నేహాన్ని రైలే మోస్తుంది. రైలు ఆగితే దానికి వేరే చిరునామా ఉండదు. 2020 మార్చిలో పాసింజర్లు ఆగాయి, చాలా నెలలపాటు తిరగలేదు. తిరిగినప్పుడు అవే బళ్లు ఎక్స్‌ప్రెస్ పేరుతో వచ్చాయి, కనీస ఛార్జీ 10 రూపాయల నుంచి 30 అయింది. 2024 ఫిబ్రవరిలో ఛార్జీ మళ్లీ పదికి దిగింది. ఈలోగా కొందరు మోటారు సైకిళ్లకు మారారు, కొందరు ఇంటినుంచి పనికి, కొందరు రిటైరయ్యారు. నాలుగేళ్ల తర్వాత టికెట్ ధర తగ్గితే ఆ పెట్టెలో పాత బృందం మళ్లీ పోగవుతుందనుకోవడం అత్యాశ.

బజారులో మార్పు ఇంత కంటికి కనిపించదు. 2020 మార్చిలో దేశంలో యూపీఐ లావాదేవీలు సుమారు 125 కోట్లు. 2023 మార్చికి 860 కోట్లు దాటాయి. ఇందులో మహమ్మారి వాటా ఎంత, సౌకర్యం వాటా ఎంత అని విడదీయడం కష్టం. నోట్లు ముట్టుకోవడానికి భయపడిన ఆ నెలలు ఒక పెద్ద తోపు ఇచ్చాయన్నది మాత్రం నిజం. చిల్లర గొడవ అనేది ఒకప్పుడు బెజవాడ బజారు సంభాషణలో సగభాగం. చిల్లర లేదంటే చాక్లెట్ ఇవ్వడం, చాక్లెట్ వద్దంటే రేపిస్తాననడం, రేపు గుర్తుందా అని నిలదీయడం. చిరాకే, కానీ ఆ చిరాకులో ఇద్దరు మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. ఇప్పుడు డబ్బు అందిందని కొట్టువాడికి బదులు బల్లమీది పెట్టె చెబుతోంది. సాంకేతికత మీద కోపంతో చెప్పే మాట కాదిది. ఒంటరిగా ఉండే ఒక పెద్దాయన రోజు మొత్తంలో పలికే మాటలు లెక్కపెడితే అందులో చిల్లర గొడవ వాటా ఎంతో తేలుతుంది. వాటిని తీసేస్తే ఆ రోజున ఆయన గొంతు ఎన్నిసార్లు పెగిలి ఉంటుంది?

భయం వదిలి వెళ్లిన అలవాట్లది వేరే తీరు. భయపడిన చోటికి వెళ్లకుండా ఉంటే తక్షణం హాయిగా ఉంటుంది. ఆ హాయే బహుమతిగా మారి, తర్వాతిసారి కూడా వెళ్లకుండా ఆపుతుంది. వెళ్లి చూస్తే ఏమీ కాదని తెలుసుకునే అవకాశమే మనసుకు రాదు. ఆందోళన రుగ్మతలు ముదిరే దారి ఇదేనని మనస్తత్వ శాస్త్రం ఏనాడో చెప్పింది. మహమ్మారి ప్రత్యేకత ఏమిటంటే, ఈ తప్పించుకోవడానికి ప్రభుత్వ ముద్ర, కుటుంబ ప్రశంస రెండూ దొరికాయి. బయటికి రాని మనిషి బాధ్యత గల మనిషి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది. పెళ్లి పిలుపు వస్తే కానుక ఫోనులో పంపేసి ఊరుకునేవాళ్లు, రద్దీ అన్న మాట వింటేనే చెమటలు పట్టేవాళ్లు ఆ తర్వాతా ఉన్నారు. ఇంట్లోవాళ్లు దాన్ని పెద్దతనం అనుకుంటారు, జాగ్రత్త అనుకుంటారు. రోగం అని ఎవరూ అనుకోరు.

చేతులు కడగడం కూడా ఇలాంటిదే. మడి, మైల, గడప దగ్గర కాళ్లు కడుక్కోవడం తెలిసిన సమాజానికి శానిటైజరు కొత్త మతమేమీ కాలేదు, పాత దానికి కొత్త సాక్ష్యం అయింది. అంతకుముందే కడిగిందే కడిగే జబ్బుతో బాధపడుతున్న వాళ్లకు ఆ రోజులు నరకం: వాళ్ల భయాన్ని డాక్టర్లే టీవీలో ధ్రువీకరిస్తున్నారు. అపార్ట్‌మెంట్లలో పనిమనిషిని లిఫ్టు ఎక్కొద్దనడం, ఆమెకు వేరే గ్లాసు పెట్టడం పాత దూరానికి కొత్త పేరు. వైరస్ భయం తగ్గాక కూడా కొన్నిచోట్ల ఆ గ్లాసు వేరుగానే ఉండిపోయింది. అవతలివైపు నుంచి చూస్తే అదీ మానసిక ఆరోగ్య సమస్యే. అవమానం రోజూ తాగాల్సి వస్తే మనసు ఏమవుతుందో అధ్యయనాలు చెప్పనక్కర్లేదు.

ఇంటిపని గురించి ఎక్కువ రాయాల్సిన అవసరం లేదు, అంకెలే చెబుతాయి. లాక్‌డౌన్‌లో మగవాళ్లు వంట నేర్చుకుంటున్న వీడియోలు తెగ తిరిగాయి. జాతీయ గణాంక కార్యాలయం కాల వినియోగ సర్వే ప్రకారం 2019లో జీతం లేని ఇంటిపనిలో పాలుపంచుకునే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో మళ్లీ సర్వే చేస్తే ఆడవాళ్లవి 289, మగవాళ్లవి 88. వీడియోలు అక్కడే ఆగాయి. అందరూ ఇంట్లోనే ఉన్న ఆ నెలల్లో మూడు పూటల వంట, గిన్నెలు, ఆన్‌లైన్ పాఠాల కాపలా ఎవరి మీద పడ్డాయో, లాన్సెట్ అంచనాలో ఆడవాళ్లు ఎందుకు ఎక్కువ దెబ్బతిన్నారో ఊహించడం కష్టం కాదు. వాళ్లకు పోయిన అలవాటు ఇంకొకటి ఉంది, ఏకాంతం. భర్త ఆఫీసుకు, పిల్లలు బడికి వెళ్లాక పదకొండు నుంచి రెండు దాకా ఉండే ఆ నిశ్శబ్దం.

అలవాట్లు మార్చుకునే వీలే లేనివాళ్ల కథ గుంటూరు మిర్చి యార్డులో కనిపిస్తుంది. ఆసియాలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్‌గా పేరున్న ఆ యార్డుకు జనవరి నుంచి మే దాకా అసలైన సీజను. సరిగ్గా దాని నడుమ 2020 మార్చిలో లాక్‌డౌన్ పడింది. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలకు, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లకు పని ఆగడమంటే కూలి ఆగడం. దాంతోపాటు షెడ్డు నీడన గుండ్రంగా కూర్చుని, ఘాటుకు తుమ్ముకుంటూ, ఒకరి కష్టం ఒకరు చెప్పుకునే పూట కూడా ఆగింది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2021లో దేశంలో ఆత్మహత్యల వల్ల చనిపోయిన 1,64,033 మందిలో 42,004 మంది దినకూలీలు, అంటే 25.6 శాతం. 2014లో ఈ వాటా 12 శాతం. ఈ పెరుగుదలంతా మహమ్మారి వల్ల వచ్చింది కాదు, అంతకుముందే ఏటా పెరుగుతూ వచ్చింది. కాకపోతే కూలివాళ్ల మనసును ‘అలవాట్ల మార్పు’ అన్న మెత్తని మాటతో వివరించబోతే ఈ అంకె అడ్డొస్తుంది. పూట గడవని ఇంట్లో నిద్ర పట్టకపోవడానికి మొదటి కారణం కడుపే.

తాగుడు విషయంలో ప్రభుత్వం అనుకున్నదొకటి, జరిగింది ఇంకొకటి. 2020 మార్చి చివర్లో మద్యం దుకాణాలు రాత్రికి రాత్రి మూతపడ్డాయి. ఏళ్ల తరబడి రోజూ తాగిన శరీరానికి ఒక్కసారి ఆపేస్తే చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, రెండు మూడు రోజుల్లో మూర్ఛలు, మతి చలించడం వస్తాయి. అది ప్రాణాంతకం కూడా. మే 4న దుకాణాలు తెరిచి ధరలు మొదట 25 శాతం, మర్నాడే ఇంకో 50 శాతం పెంచారు. ధర పెంచితే తాగడం తగ్గుతుందన్న లెక్క కొంతవరకు పనిచేసి ఉండవచ్చు. జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోవడం ఆ లెక్కకు దొరకని కోణం. చెడ్డ అలవాటును కూడా తీసేసే పద్ధతి ఉంటుంది. డాక్టరు పర్యవేక్షణ, మందులు లేకుండా గొలుసు తెంపితే మనిషి తూలిపోతాడు.

ఈ మొత్తం వ్యవహారంలో లోతుగా దెబ్బతిన్నది, తక్కువగా మాట్లాడుకున్నది దుఃఖం. 2021 ఏప్రిల్, మే నెలల్లో చనిపోయినవాళ్ల కుటుంబాల్లో చాలామంది ఆఖరిచూపు చూడలేదు. సంచిలో చుట్టిన శరీరం ఆసుపత్రి నుంచి నేరుగా శ్మశానానికి వెళ్లింది. కొడుకు క్వారంటైన్‌లో ఉంటే కొరివి ఇంకెవరో పెట్టారు. దినకర్మలు ఒక పూటలో ముగిశాయి. బాగా ఆలోచిస్తే తెలుగువాళ్ల చావు ఆచారాలు చాలావరకు బతికున్నవాళ్ల కోసం పుట్టినవి. పరామర్శకు వచ్చినవాళ్లు అదే ప్రశ్న అడుగుతారు, ఎలా జరిగిందని. అదే కథను భార్య ముప్పైసార్లు చెబుతుంది. ముప్పయ్యోసారికి ఆ కథ కాస్త చెప్పగలిగినదవుతుంది. మూడోరోజు, పదకొండోరోజు అంటూ తేదీలు ఉంటాయి కాబట్టి ఏడ్చే మనిషి కూడా లేచి స్నానం చేయాల్సి వస్తుంది. పెద్దకర్మ అయ్యాక బంధువులు వచ్చి ఆ ఇంటివాళ్లను తమ ఊరికి నిద్రకు తీసుకువెళతారు. పక్క మారుతుంది, గది మారుతుంది, ఎవరో అన్నం పెట్టి తినమని కూర్చుంటారు. నిద్రకు తీసుకువెళ్లడం అన్న ఆ మాటలోనే, దుఃఖం మొదట చెడగొట్టేది నిద్రనే అన్న ఎరుక ఉంది.

2021లో ఆ ఇళ్లకు ఎవరూ రాలేదు, ఎవరూ తీసుకువెళ్లలేదు. ఫోనులో వాట్సాప్ సందేశాలు వచ్చాయి, చేతులు జోడించిన బొమ్మలతో. దుఃఖం నెలలు గడిచినా తగ్గకుండా రోజువారీ జీవితాన్ని ఆపేస్తే దాన్ని ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తించాలని వైద్య ప్రపంచం దాదాపు అదే సమయంలో నిర్ణయించడం విశేషం. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ దీనికి ఆరు నెలల గడువు పెట్టింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పెద్దవాళ్ల విషయంలో ఏడాది అంది. మన ఇళ్లలో ఏడూడి, సంవత్సరీకం అన్న మాటలు ఇప్పటికీ ఉన్నాయి. ఏడాది పాటు దుఃఖానికి అనుమతి, ఆ తర్వాత మెల్లగా మామూలు జీవితంలోకి పిలుపు. ఆ కొలమానం ఇక్కడ ముందే ఉంది. 2021 మృతుల విషయంలో తొలి నెలల మెట్లు దాటకుండానే కుటుంబాలు నేరుగా ఏడాది దగ్గరికి వచ్చి నిలబడ్డాయి.

పిల్లల సంగతి ఒక వింత. విజయవాడ చుట్టూ ఉన్న రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో సమస్య ఎప్పుడూ వేళాపాళా లేకపోవడం కాదు, వేళ మరీ ఎక్కువ కావడం. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి. 2020 మార్చిలో ఆ గంట ఆగింది, పిల్లలు ఇళ్లకు వచ్చారు. కొందరు మొదటిసారి కడుపునిండా నిద్రపోయారు. తర్వాత పాఠాలు ఫోనులోకి వచ్చాయి, ఫోను రాత్రి ఒంటిగంట దాకా చేతిలో ఉండిపోయింది. పదో తరగతి పరీక్షలు 2020లోనూ 2021లోనూ రద్దయ్యాయి. ఆపైన ఒకరోజు మళ్లీ గంట మోగింది, అదే వేగంతో, మధ్యలో ఏమీ జరగనట్టు. స్వేచ్ఛ దెబ్బతీసిందా, నిర్బంధం దెబ్బతీసిందా అని అడిగితే ఒక దాని నుంచి ఇంకోదానికి మెట్లు లేకుండా దూకించడం ఎక్కువ దెబ్బతీసింది అనాలి.

మేలు జరిగినవాళ్లు లేరని కాదు. హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రెండేళ్లపాటు గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ సత్యనారాయణపురంలోనో కన్నవాళ్ల ఇంట్లో ఉండి పనిచేశారు. తల్లి చేతి వంట, అద్దె మిగులు, పిల్లలకు తాతయ్య కథలు. ఆఫీసులు వెనక్కి పిలిచాక మేడమీది గదిలో ఏసీ, ఇంటర్నెట్ కనెక్షను మిగిలాయి. రెండేళ్లు అయిదుగురికి వండిన చెయ్యి మళ్లీ ఇద్దరికే గ్లాసు బియ్యం కొలవాలి. ఈ రెండో వేరుపాటు మొదటిదానికంటే కష్టమైన ఇళ్లున్నాయి. మొదటిసారి పిల్లలు వెళ్లినప్పుడు తల్లిదండ్రుల వయసు తక్కువ, చుట్టూ పరిచయాలు ఎక్కువ.

వైద్యం వైపు చూస్తే ఒక మంచి మార్పు స్పష్టం. లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, ఫోను ద్వారా వైద్య సలహా ఇవ్వడానికి కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. మానసిక వైద్యుడి బోర్డు కింద నిలబడితే ఎవరైనా చూస్తారేమో అని వెనక్కి తిరిగిన మనిషికి ఇది పెద్ద ఊరట. 2022 అక్టోబరు 10న ఫోనులో మానసిక సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలీ మానస్ 14416 నంబరుతో మొదలైంది. తెలుగులో మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోనూ, రెండు ఊళ్ల మధ్య మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. అయినా వెళ్లేవాళ్లు తక్కువ. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు కాబట్టి ఇక్కడి అంతరం ఎంతన్నది దాన్నిబట్టి అంచనా వేసుకోవాల్సిందే.

అలవాట్ల తెగుళ్లకు సరిగ్గా సరిపోయే చికిత్స ఒకటుంది. బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు, 1970లలో అమెరికన్ మనస్తత్వవేత్త పీటర్ లెవిన్‌సన్ పనిలో దీని వేళ్లున్నాయి. మనసు బాగైతే పని చేస్తానని మనిషి అనుకుంటాడు; ఈ పద్ధతి దాన్ని తిరగేసి, ముందు పని చేయించి మనసు వెనక వచ్చేదాకా ఆగుతుంది. వారానికి ఒక కాగితం, గంటల గడులు, ప్రతి గడిలో ఒక చిన్న పని. తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు మందులు కావాలి, వాటికి బదులు ఇది కాదు. తేలికపాటి, మధ్యస్థ స్థితుల్లో మాత్రం ఇది బాగా పనిచేస్తుందని రుజువైంది. ఉపాయం పెద్ద చదువుల్లోంచి వచ్చినా, అది చేసేది పాత రోజుల తప్పనిసరిని కాగితం మీద మళ్లీ రాయడమే.

ఇక్కడ ఇళ్లలో ఎదురయ్యే అడ్డంకి ప్రేమ. నీరసంగా ఉన్న మనిషిని కదలనివ్వకపోవడం, నువ్వు పడుకో మేం చూసుకుంటామనడం మన మర్యాద. జ్వరానికి సరిపోయే ఆ మర్యాద దిగులుకు ఎదురు తిరుగుతుంది. కాగితంలో మొదటి గడిలో రాసే పని యోగాసనమో, అయిదు కిలోమీటర్ల నడకో అయి ఉండాల్సిన పనిలేదు. పొద్దున ఆరున్నరకు చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లి, కొట్టువాడిని పలకరించి, రెండు పాల ప్యాకెట్లు తేవడం చాలు. ఇంట్లోవాళ్లు చేయాల్సిన సాయం ఒక్కటే: ఆరింటికే యాప్‌లో పాలు తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టేయకుండా ఉండడం.